సీపీ బ్రౌన్: డ్యూటీ కచేరీలో.. అసలు పని కడప బంగళాలో! సొంత జేబు నుంచి పండితులకు జీతాలిచ్చిన దొర కథ

కడప ఏడు రోడ్ల దగ్గరైనా, కర్నూలు రాజ్‌విహార్ సెంటర్‌లోనైనా ఏ హోటల్ ఓనర్‌ని కదిపినా ఇప్పుడు ఒకటే గోడు. కస్టమర్లకు కొదవ లేదు, మంచి మాస్టరే దొరకడం లేదని. కారం దోసె బాగా వేసే చేయి, సంగటి బాగా కెలికే చేయి ఒక్కటి దొరికితే చాలు, హోటల్ నిలబడిపోతుంది. కానీ ఆ చేయి ఎన్నాళ్లుంటుంది? బెంగళూరు నుంచి ఒక ఫోన్ వస్తే పెట్టె సర్దుకుని బస్సెక్కేస్తాడు. ఓనర్ మళ్లీ మొదటికొస్తాడు.

పెద్ద హోటళ్లలో దీనికో పేరుంది. టాలెంట్ మేనేజ్‌మెంట్ అంటారు. పనిమంతుణ్ని గుర్తించడం, తెచ్చుకోవడం, నేర్పించడం, పోకుండా చూసుకోవడం అన్నమాట. దాని పక్కనే ఇంకో మాట కూడా వినిపిస్తుంది, డిస్క్రీషనరీ ఎఫర్ట్. జీతానికి చేయాల్సిన పని అయిపోయాక కూడా, ఎవరూ అడక్కపోయినా మనిషి తనంతట తానే చేసే పని. రాత్రి పదకొండున్నరకి బస్సు దిగి వచ్చిన ముసలాయనకు, కిచెన్ మూసేశాం అని చెప్పి పంపేయొచ్చు. రూల్ ప్రకారం అది తప్పు కాదు. కానీ ఒక సప్లయర్ లోపలికెళ్లి, మిగిలిన అన్నంలో పెరుగు కలిపి తెచ్చి పెడతాడు. ఆ పెరుగన్నం ఏ మెనూ కార్డులోనూ ఉండదు, ఏ జీతం స్లిప్పులోనూ కనపడదు.

ముంబై తాజ్ హోటల్ గురించి వినే ఉంటారు. 2008 నవంబర్ 26న ఉగ్రవాదులు దాడి చేసినప్పుడు, పారిపోయే దారులు తెలిసి కూడా అక్కడి స్టాఫ్ చాలామంది గెస్టులను వదిలి వెళ్లలేదు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అలా ఎందుకు చేశారు అని తర్వాత మేనేజ్‌మెంట్ పండితులు ఆరా తీశారు. ఆ సంస్థ చిన్న ఊళ్ల పిల్లల్ని ఎంచుకుంటుందని, మిగతా చోట్ల ఏడాది ఇచ్చే శిక్షణ ఇక్కడ ఏడాదిన్నర ఇస్తుందని, మంచి పని చేసినవాళ్లను వెంటనే పేరుపెట్టి మెచ్చుకునే పద్ధతి ఉందని తేల్చారు.

అయితే ఈ లెక్కలేవీ పుస్తకాలకెక్కకముందే, దాదాపు రెండు వందల ఏళ్ల కిందట, మన కడపలోనే ఒకాయన ఈ పనంతా చేసి చూపించారు. అది హోటల్ కాదు. మామిడితోట మధ్యలో ఒక బంగళా. అక్కడ వండి వడ్డించింది అన్నం కాదు, పుస్తకాలు. కానీ మాస్టర్లను వెతకడం, జీతాలు సర్దడం, మంచి చేయి జారిపోకుండా కాచుకోవడం, ఈ తిప్పలన్నీ అక్కడా ఉన్నాయి. ఆయన పేరు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్. నిఘంటువు బ్రౌన్ అంటే ఎవరికైనా తెలుస్తుంది. ఆయన దగ్గర పనిచేసిన వాళ్ల సంగతి మాత్రం చాలామందికి తెలీదు.

కలకత్తాలో పుట్టి.. కడపకు వచ్చి

బ్రౌన్ 1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మత బోధకుడు, బహుభాషా పండితుడు. ఇంట్లోనే పిల్లలకు హీబ్రూ, అరబిక్, పర్షియన్, హిందూస్తానీ లాంటి భాషలు చెప్పించేవారు. ఒక భాష వచ్చాక ఇంకో భాష అంటే భయం ఉండదు కదా. చిన్నప్పటి ఆ అలవాటే తర్వాత కొడుక్కి అన్నం పెట్టింది. 1812లో తండ్రి చనిపోయారు. కుటుంబం ఇంగ్లాండుకు వెళ్లిపోయింది. కంపెనీ ఉద్యోగుల కోసం పెట్టిన హెయిలీబరీ కాలేజీలో కుర్రాడు చదువుకుని, 1817 ఆగస్టులో మద్రాసులో దిగారు.

మద్రాసు సెయింట్ జార్జి కోట కాలేజీలో కొత్త దొరలకు ఇక్కడి భాషలు నేర్పేవారు. పరీక్ష పాసైతేనే పోస్టింగ్. బ్రౌన్‌కు తెలుగు అక్షరాలు దిద్దించింది వెలగపూడి కోదండరామ పంతులు. 1820లో పరీక్ష గట్టెక్కారు. అదే ఏడాది సర్ థామస్ మన్రో మద్రాసు గవర్నర్‌గా వచ్చారు. అంతకుముందు ఏళ్ల తరబడి ఈ దత్తమండలాల్లోనే కలెక్టర్‌గా ఊరూరూ గుడారాలేసుకుని తిరిగిన మనిషి. జనం భాష రాని అధికారి ఎందుకూ పనికిరాడన్నది ఆయన గట్టి నమ్మకం.

1820 ఆగస్టులో బ్రౌన్‌కు కడప పోస్టింగ్ వచ్చింది. వయసు 21. కలెక్టర్ హాన్‌బరీకి అసిస్టెంట్. ఇక్కడే కుర్రాడికి అదృష్టం కలిసొచ్చింది. హాన్‌బరీ తెలుగు ధారాళంగా మాట్లాడేవారు. రైతుతో, కరణంతో నేరుగా మాట్లాడి పని చక్కబెట్టే పై అధికారిని పక్కనుంచి చూడటం అంటే, అంతకు మించిన ట్రైనింగ్ ఏముంటుంది? హోటల్లో కొత్తగా చేరిన కుర్రాడికి మంచి మాస్టర్ పక్కన పొయ్యి దగ్గర చోటు దొరికినట్టు.

ఉద్యోగం మాత్రం మామూలు ఉద్యోగమే. శిస్తు లెక్కలు, అర్జీలు, తగాదాలు. తెలుగు పరీక్ష పాసైన దొరలు చాలామంది అక్కడితో పుస్తకం మూసేసేవాళ్లు. కచేరీ పనికి సరిపడా నాలుగు ముక్కలు వస్తే చాలు. బ్రౌన్ అక్కడ ఆగలేదు. కడపలోనూ, ఆ తర్వాత మచిలీపట్నంలోనూ సొంత ఖర్చుతో పిల్లలకు ఉచిత బడులు పెట్టారు. ఆ పని చేయమని ఏ పై అధికారీ చెప్పలేదు.

వేమనతో మలుపు

1822లో మచిలీపట్నానికి బదిలీ. అక్కడుండగా 1824లో ఫ్రెంచి మతగురువు దుబాయ్ రాసిన పుస్తకం ఒకటి చదువుతుంటే అందులో వేమన పేరు కనిపించింది. ఎవరీ వేమన అని వెతకడం మొదలుపెట్టారు. మన సీమ మనిషే, మన మాటల్లోనే చెప్పినవాడు. కానీ ఆ రోజుల్లో పండితులకు వేమన అంటే చిన్నచూపు. అది కవిత్వమే కాదని పక్కన పెట్టేసేవాళ్లు. బ్రౌన్ ఊరు కాని ఊరి నుంచి వచ్చినవాడు కాబట్టి, ఆ చిన్నచూపు ఆయనకు అంటలేదు. దొరికిన చోటల్లా తాటాకు ప్రతులు తెప్పించారు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో సహా అచ్చు వేయించారు. పదేళ్ల తర్వాత మరిన్ని పద్యాలు చేర్చి ఇంకోసారి.

చెప్పుకోవాల్సిన విషయం ఏంటంటే, ఇదంతా ఒక్కడు చేసే పని కాదు. అప్పట్లో తెలుగు పుస్తకం అంటే తాటాకు కట్ట. గంటంతో గీసినది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. ఒకరి దగ్గరున్న కట్టను ఇంకొకరు ఎత్తిరాసుకుంటారు, రాసేటప్పుడు తప్పులు దొర్లుతాయి, ఆ తప్పుల మీద ఇంకొకరు తమకు తోచింది దిద్దుతారు. మూడు తరాలు గడిచేసరికి కవి రాసిందేమిటో, మధ్యలో చేరిందేమిటో తేల్చడం దేవుడికే తెలియాలి. పైగా పురుగు, చెద, వాన. పనిమంతులైన పండితులు ఒకరిద్దరు కాదు, ఒక బృందమే కావాలి. మచిలీపట్నంలో ఛందస్సు సంగతులు చెప్పడానికి తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మం లాంటివాళ్లు ఆయనకు దొరికారు. వాళ్ల దగ్గర శిష్యుడిలా నేర్చుకుంటూనే, వాళ్లకు జీతం ఇచ్చే యజమాని కూడా అయ్యారు. యజమానే విద్యార్థిగా కూర్చునే పని చోటు ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

కడప బంగళా: జీతాల పట్టీ ఎవరి జేబులోంచి?

మళ్లీ కడపకు వచ్చినప్పుడు బ్రౌన్ ఇక్కడే ఒక బంగళా కొన్నారు. చుట్టూ పదిహేనెకరాల తోట. అక్కడే పండితులను, రాయసగాళ్లను పెట్టి పని మొదలుపెట్టించారు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవారు. కానీ అది కంపెనీ పెట్టిన కాలేజీ కాదు. కంపెనీ పైసా ఇవ్వలేదు. పండితుల జీతాలు, కాగితం, సిరా, ప్రతులు తెప్పించే ఖర్చు, జిల్దు కట్టించే ఖర్చు, అంతా బ్రౌన్ తన ఉద్యోగం జీతంలోంచి పెట్టుకున్నవే. అది చాలకపోతే అప్పులు.

పని ఎలా నడిచేదో చూస్తే ఇవాళ్టి మంచి కిచెన్‌లో పని పంచినట్టే ఉంటుంది. ఒక కావ్యం తీసుకుంటారు. వేరువేరు ఊళ్ల నుంచి దాని తాటాకు ప్రతులు వీలైనన్ని తెప్పిస్తారు. ఒక రాయసగాడు ఒక ప్రతిని కాగితం మీదకి ఎక్కిస్తాడు, పక్కన ఖాళీ వదిలిపెట్టి. తర్వాత మిగతా ప్రతులు ఒక్కొక్కటే చదువుతూ, ఎక్కడ మాట తేడాగా ఉందో ఆ ఖాళీలో రాస్తారు. అప్పుడు పండితులు కూర్చుంటారు. ఈ మాట ఎందుకు సరైనది, ఆ మాట ఎందుకు కాదు అని వాదించుకుంటారు. బ్రౌన్ వింటారు, చివరకు ఒకటి ఖాయం చేస్తారు. ఆ తర్వాత శుద్ధ ప్రతి. దానికి వ్యాఖ్యానం. ఆ తర్వాత మాటల పట్టిక. ఆ పట్టికలే పెరిగి పెరిగి చివరకు నిఘంటువు అయ్యాయి.

ఇందులో ఒక చిక్కుంది. పండితుడికి తన పాండిత్యం మీద నమ్మకం ఎక్కువ. ప్రతిలో ఉన్న మాట నచ్చకపోతే తనే దిద్దేస్తాడు. బ్రౌన్‌కు అది సరిపడేది కాదు. ప్రతిలో ఏముందో అది ముందు కాగితం మీదికి రావాలి, దిద్దుబాటు సంగతి తర్వాత. మాస్టర్ ఎంత గొప్పవాడైనా ఉప్పు మాత్రం రుచి చూసి వేయాలి అన్నట్టు. నమ్మకం ఇస్తూనే తనిఖీ పెట్టుకోవడం తేలికైన విషయం కాదు. తనిఖీ ఎక్కువైతే పనిమంతుడు అలుగుతాడు. లేకపోతే సరుకు పాడవుతుంది. ఏళ్ల తరబడి ఈ బృందం నిలిచిందంటే బ్రౌన్‌కు ఆ కిటుకు తెలిసిందనే అనుకోవాలి.

ఇంకో సంగతి. కంపెనీ ఉద్యోగి ఒక ఊళ్లో స్థిరంగా ఉండడు. బదిలీలు. బ్రౌన్ మచిలీపట్నంలోనో, రాజమండ్రిలోనో ఉంటే కడప బంగళా సంగతి ఎవరు చూడాలి? అక్కడ వస్తారు మన కథలో అసలు మనిషి, అయోధ్యాపురం కృష్ణారెడ్డి. బంగళాలో జరిగే పని మొత్తం ఆయన చేతి మీదుగానే నడిచింది. పండితులను సమన్వయం చేయడం, పుస్తకాలు రాయించడం, లెక్కలు చూసుకోవడం ఆయన బాధ్యత. దొర దూరంలో ఉండేవారు, జాబులు వచ్చేవి, వెళ్లేవి. నేటి భాషలో చెప్పాలంటే కృష్ణారెడ్డి జనరల్ మేనేజర్. ఓనర్ ఊళ్లో లేనప్పుడు కూడా హోటల్ మామూలుగా తెరుచుకుందంటే, ఆ పేరు ఓనర్‌కు రాదు, మేనేజర్‌కు రావాలి.

వాళ్లు ఇచ్చిన జీతానికి మించి చేశారా? చేతిలో ఉన్న పుస్తకాలు చూస్తే చేశారనే చెప్పాలి. జూలూరి అప్పయ్య సంగతే తీసుకోండి. మనుచరిత్ర, వసుచరిత్ర లాంటి కొరకరాని కొయ్యలకు బ్రౌన్ కోసం వ్యాఖ్యానాలు రాశారు. వసుచరిత్రలో ఒక్కో పద్యానికి రెండు మూడు అర్థాలు. చదివి అర్థం చేసుకోవడమే గండం. మాట మాటకూ అర్థం విప్పి, తెలుగు కొత్తగా నేర్చుకునే వాడికి కూడా అందేలా రాయాలంటే గంటలు లెక్కేసుకునే ఉద్యోగి వల్ల అయ్యే పని కాదు. ఆ పండితులకు అది తమ విద్య. ఇంతకాలం తాటాకుల్లో మగ్గిపోతున్న దాన్ని ఎవరో ఒకరు గౌరవంగా అడిగి, కాగితం పెట్టి, జీతం ఇచ్చి రాయమన్నారు. మనిషి అదనంగా కష్టపడటానికి అది చాలు అనిపిస్తుంది, కనీసం కొన్నాళ్లు.

తాతాచారి సంగతి ఇంకో రకం. ఆయన బ్రౌన్ దగ్గర పనిచేసిన మున్షీ. పని మధ్యలో కబుర్లు, కథలు చెప్పడం ఆయనకు అలవాటు. ఊళ్లలో జరిగిన సంగతులు, మోసాలు, తమాషాలు. చాలామంది ఆఫీసర్లు ఏం చేస్తారు? పని చూడు ముందు అని కసురుకుంటారు. బ్రౌన్ మాత్రం వాటిని రాయించారు. ఆ కథలు 1855లో పుస్తకంగా వచ్చాయి, తాతాచార్ల కథలుగా ఇప్పటికీ దొరుకుతాయి. అప్పటి జనం ఎలా మాట్లాడారో తెలుసుకోవాలంటే వాటిని చూడాల్సిందే. ఉద్యోగంలో లేని పనిని ఒక ఉద్యోగి సరదాగా చేస్తుంటే, అందులో విలువ ఉందని పట్టుకోవడం, అదే టాలెంట్‌ను గుర్తించడం. పెద్ద హోటళ్లలో ఇప్పటికీ చాలామంది మేనేజర్లకు ఇది చేతకాదు.

ఉద్యోగం ఊడింది

ఇంత చేసినా కంపెనీ దృష్టిలో బ్రౌన్ ఒక సివిల్ ఉద్యోగి, అంతే. తెలుగు పని అంతా ఆయన సొంత యావ. 1834లో కంపెనీ ఆయనను ఉద్యోగం నుంచి తప్పించింది. జీతం ఆగిపోయింది. అప్పులున్నాయి. ఇంగ్లాండు వెళ్లిపోయారు.

ఒక్కడి జేబు మీద నడిచే సంస్థకు ఇదే గండం. బ్రౌన్ జీతం ఆగితే పండితుల జీతం ఆగినట్టే. కంపెనీకి పట్టదు, ఎందుకంటే వాళ్లను పెట్టుకుంది కంపెనీ కాదు. ఉద్యోగి తనంతట తాను చేసే అదనపు పని అని మనం ఎంత మెచ్చుకున్నా, దాని ఫలం మాత్రం కంపెనీ అనుభవించింది. దొరలందరూ తర్వాత చదువుకుంది ఆ పుస్తకాలే. అడక్కుండా చేసిన పనికి పొగడ్తే జీతం అనుకునే యాజమాన్యాలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. పండగ పూట రెండు షిఫ్టులు చేసిన సప్లయర్‌కు ఓవర్‌టైం ఇవ్వకుండా, మా వాడు బంగారం అని భుజం తట్టి పంపే హోటళ్లు మనకు తెలియనివి కావు.

బ్రౌన్ లండన్‌లో ఏం చేశారనుకున్నారు? ఉద్యోగం లేదు, అయినా వెళ్లి ఇండియా హౌస్ లైబ్రరీలో కూర్చున్నారు. అక్కడ దక్షిణాది భాషల రాతప్రతులు ఎవరూ తాకకుండా పడి ఉన్నాయి. చదవగలిగినవాడు ఆ ఊళ్లో లేడు. బ్రౌన్ వాటిని బయటకు తీయించి, ఇవి ఇక్కడ దుమ్ము కొట్టుకుపోతే ఎవరికి లాభం, వాటి ఊరికి పంపండి అని పట్టుబట్టారు. రెండు వేలకు పైగా ప్రతులు తిరిగి మద్రాసుకు చేరాయి. తనను తీసేసిన సంస్థ కోసమే, తీసేసిన తర్వాత కూడా చేసిన పని ఇది. దీన్ని ఏమనాలో హెచ్ఆర్ వాళ్లే చెప్పాలి.

1837లో ఆయనను మళ్లీ తీసుకున్నారు. ఈసారి పర్షియన్ అనువాదకుడిగా మద్రాసులో. తర్వాత తెలుగు అనువాదకుడు, పోస్ట్‌మాస్టర్ జనరల్, కాలేజీ బోర్డు సభ్యుడు, ఇలా రకరకాల పదవులు. తపాలా శాఖ నడుపుతూనే పొద్దునా సాయంత్రం తెలుగు పని. 1840లో వ్యాకరణం వచ్చింది.

కచేరీ మాటలకూ చోటిచ్చిన నిఘంటువు

1852లో ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసు వేపేరిలోని ముద్రణాలయంలో అచ్చయింది. వెయ్యికి పైగా పేజీలు. ఆ వెంటనే ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు. 1854లో మిశ్రభాషా నిఘంటువు.

ఈ చివరిది మన ప్రాంతం వాళ్లకు బాగా నచ్చాల్సిన పుస్తకం. కర్నూలు 1839 దాకా నవాబుల ఏలుబడిలో ఉంది. కడప కూడా అంతకుముందు నవాబులు ఏలిన చోటే. కచేరీలో, సంతలో, కరణం లెక్కల్లో ఉర్దూ, పర్షియన్, మరాఠీ మాటలు తెలుగులో కలిసిపోయాయి. జమాబందీ, రుజువు, దరఖాస్తు, వసూలు, రాజీనామా.. ఇవి లేకుండా మనకు పూట గడవదు. పండితులు వీటిని తెలుగే కాదన్నారు. బ్రౌన్ వీటికే విడిగా ఒక నిఘంటువు కట్టారు. జనం నోట్లో ఉన్న మాట నిఘంటువులో ఉండాల్సిందే అన్నది ఆయన పట్టు. కావ్యాల మాటలు చెప్పడానికి పండితులు చాలు, కానీ ఈ మాటలు చెప్పడానికి గుమాస్తాలు, మున్షీలు, అర్జీదారులు కావాలి. ఆయన టీమ్‌లో అందుకే రెండు రకాల వాళ్లూ ఉన్నారు. హోటల్‌కి మాస్టర్ ఎంత అవసరమో, కస్టమర్‌తో మాట్లాడే సప్లయర్ కూడా అంతే అవసరం కదా.

అయితే ఆ నిఘంటువు అట్ట మీద ఎవరి పేరుంది? బ్రౌన్ ఒక్కరిదే. మనం కూడా బ్రౌన్ నిఘంటువు అంటాం. ఇది ఆ కాలపు పద్ధతి అని సర్దిచెప్పుకోవచ్చు. పుస్తకాల్లో వ్యాఖ్యాత పేరు ఉన్న చోట అప్పయ్య పేరు నిలిచింది, తాతాచారి పేరు కథల పుస్తకానికే పెట్టారు. ఆ మేరకు బ్రౌన్ ధర్మం తప్పలేదు. కానీ పేరు లేని రాయసగాళ్లు ఎందరో. ఏ మాటకు ఏ అర్థం ఎవరు చెప్పారో ఇప్పుడు విడదీయలేం. తాజ్ హోటల్లో మంచి పని చేసినవాడిని రెండు రోజుల్లో గుర్తించి పాయింట్లు ఇచ్చే పద్ధతి పెట్టుకున్నారట. మన కడప బంగళాలో పాయింట్లు ఇచ్చే బోర్డు లేదు. కృష్ణారెడ్డి పేరు మీద ఆ ఊళ్లో వీధి ఉంటే బాగుండేదని ఈ కథ చదివిన ఎవరికైనా అనిపిస్తుంది.

లండన్‌లో చివరి రోజులు

బ్రౌన్ ఉద్యోగం విరమించి 1855 నాటికి ఇంగ్లాండు చేరారు. పెళ్లి చేసుకోలేదు. తను సేకరించిన ప్రతులను మద్రాసులోనే వదిలి వెళ్లారు. అవి ఇప్పటికీ చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. లండన్ యూనివర్సిటీలో తెలుగు ప్రొఫెసర్‌గా పనిచేశారు. తన సాహిత్య జీవితం గురించి ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించుకున్నారు. చివరిదాకా నిఘంటువును సవరించుకుంటూనే ఉన్నారు. 1884 డిసెంబర్ 12న లండన్‌లో చనిపోయారు. వయసు 86. తర్వాత 1903లో నిఘంటువు రెండో కూర్పు వచ్చింది. దాని సవరణలో కందుకూరి వీరేశలింగం కూడా పాలుపంచుకున్నారు.

ఆ తర్వాత కడప బంగళాను జనం మెల్లగా మర్చిపోయారు. కప్పు కూలింది, గోడలు మిగిలాయి. బ్రౌన్ జాబులను, కాగితాలను తవ్వి తీసింది నెల్లూరుకు చెందిన బంగోరె, అంటే బండి గోపాలరెడ్డి. ఆయనకూ ఇది ఉద్యోగం కాదు, పిచ్చి. ఆ కాగితాల వల్లే బంగళాలో పనిచేసిన వాళ్ల గురించి మనకు ఈపాటి అయినా తెలిసింది.

మళ్లీ ఒకాయన జోలె పట్టారు

కడపలో ఇంగ్లీషు లెక్చరర్‌గా పనిచేసిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఆ మొండి గోడలు చూసి ఊరుకోలేకపోయారు. ఆయన పుట్టింది అనంతపురం జిల్లా రాయదుర్గంలో, కానీ బతుకంతా కడపతో ముడిపడింది. రిటైరైన తర్వాత హాయిగా ఇంట్లో కూర్చోవాల్సిన వయసులో, బ్రౌన్ పేరు మీద అక్కడ లైబ్రరీ కట్టాలని పట్టుబట్టారు. చందాల కోసం తిరిగారు. ఇచ్చినంత తీసుకుని రసీదు రాసిచ్చారు. పుస్తకాలు అడిగి తెచ్చుకున్నారు. పెన్షన్ మీద బతికే మాస్టారు, కాళ్లరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగారు. బ్రౌన్ బంగళా ఉన్న చోటే సీపీ బ్రౌన్ స్మారక గ్రంథాలయం లేచింది. తర్వాత దాన్ని యోగి వేమన యూనివర్సిటీకి అప్పగించారు. బ్రౌన్ అచ్చు వేయించిన వేమన పేరున్న యూనివర్సిటీయే ఆ లైబ్రరీని చూసుకోవడం యాదృచ్ఛికమే అయినా, కడప వాళ్లకు చెప్పుకోవడానికి బాగుంటుంది.

ఈ అప్పగింతలో ఒక తెలివైన విషయం ఉంది. బ్రౌన్ బంగళా ఒక్కడి జీతం మీద నడిచింది, ఆ జీతం ఆగగానే ఊగిపోయింది. శాస్త్రి గారు కట్టించింది మాత్రం యూనివర్సిటీ చేతికి వెళ్లింది. అక్కడ పనిచేసేవాళ్లకు జీతం ఒకరి దయ మీద, ఒకరి ఓపిక మీద ఆధారపడాల్సిన పని లేదు. తాటాకులు తుడిచి నూనె రాసి భద్రపరిచే పని రోజూ ఉండేదే. అది పండగ నాడు చేసే సేవ కాదు, డ్యూటీ.

శాస్త్రి గారు 2014లో కడపలోనే కన్నుమూశారు. లైబ్రరీలో తాటాకు ప్రతులు, పాత పత్రికలు, వేల పుస్తకాలు ఉన్నాయి. పరిశోధన చేసే విద్యార్థులు వస్తుంటారు. బ్రౌన్ నిఘంటువు ఇప్పుడు ఫోన్‌లో కూడా ఉచితంగా తెరుచుకుంటుంది. కడప వెళ్లినప్పుడు, కారం దోసె తిన్నాక ఒక గంట టైం ఉంటే లోపలికెళ్లి చూడండి. అడిగితే తాటాకు కట్ట విప్పి చూపించేవాళ్లు ఉంటారు.